తాళం వేసిన ఇంటికి పరిహారం రాదు

తిత్లీ తుపాను వెళ్ళిపోయిన నాలుగో రోజున శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరికి వెళ్ళాను. దారి పొడవునా కొబ్బరి చెట్లు పడి ఉన్నాయి. బండి ఊరి బయటే వదిలేసి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. పిన్ని ఇంటి వరండా మీద ఒక్క రేకు కూడా లేదు. రేకుల్ని పట్టి ఉంచే జె హుక్కులు మాత్రం ఇనప పైపుకి బిగిసి అలాగే ఉన్నాయి. ఒక్కో హుక్కుకి అరచేతిలో సగమంత సిమెంటు రేకు ముక్క చిక్కుకుని ఉంది. హుక్కు వదల్లేదు, రేకే విరిగిపోయింది.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు పిన్ని పేరు పక్కన 'పాక్షికం' అని రాసుకుని వెళ్ళారు. పక్కింటి వాళ్ళు చెన్నైలో హోటల్లో పనిచేస్తున్నారు. వాళ్ళ ఇంటి వెనక వంటగది గోడ పూర్తిగా కూలిపోయింది. కానీ ముందు తలుపుకి తాళం ఉంది. ఆ ఇంటి పేరు పక్కన 'డోర్ లాక్' అని రాశారు. "ఆలొచ్చేసరికి రాసినోలు ఎల్లిపోతారు. తాళం కప్ప పగలగొట్టి సూపించమంటావా బాబూ?" అని అడిగింది పిన్ని. నా దగ్గర జవాబు లేదు.

'పాక్షికం', 'డోర్ లాక్' అన్న ఆ రెండు మాటలూ అప్పట్నుంచి నన్ను వదల్లేదు. తుపాను, వరదల నుంచి ఇంటికి బీమా అనేది 'ఇష్టముంటే తీసుకోండి' అన్న పద్ధతిలో ఉన్నంతకాలం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ళకి భరోసా ఉండదు. ఈ బీమా ఇంటి పన్నుతో కలిసి, ప్రతి గడపకీ దానంతట అదే రావాలి. వద్దనుకున్నవాళ్ళే వద్దని రాసివ్వాలి.

ఇక్కడివాళ్ళకి తుపానుల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు ఊళ్ళను ఊపేసింది. సరిగ్గా ఏడాదికి, మళ్ళీ అక్టోబరు 12నే, హుద్‌హుద్ విశాఖలో తీరం దాటి భోగాపురం, పూసపాటిరేగ తీరాన్ని కూడా కుదిపేసింది. 2018 అక్టోబరు 11న, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడే, తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర. ఎనిమిదేళ్ళలో నాలుగు. గాలి అయ్యాక నీళ్ళ వంతు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ కురిసిన వాన మనకి ఆకాశం తేటపడ్డాక దిగుతుంది. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారన్న కబురు వస్తే చాలు, కింది ఊళ్ళల్లో టెన్షన్ మొదలు.

మరి బీమా లేదా అంటే, ఉంది. మంచిదే ఉంది. పాత అగ్ని బీమా పాలసీల్లో తుపాను, వరదల భాగం తీసేయించుకుని ప్రీమియం తగ్గించుకునే వీలుండేది, భూకంపానికి విడిగా కట్టాలి. ఏ పాలసీలో ఏముందో, ఏది లేదో కొన్నవాడికి నష్టం జరిగాక గానీ తెలిసేది కాదు. ఆ గందరగోళం తీర్చడానికే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీని తెచ్చింది. ఈ వ్యాపారంలో ఉన్న కంపెనీలన్నీ దాన్ని అమ్మి తీరాలని అప్పుడు చెప్పింది. అగ్ని ప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు అన్నీ అందులోనే. ఇంటితో పాటు ప్రహరీ, గేటు, మేడ మీద వాటర్ ట్యాంకు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటి విలువలో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, ఇంట్లో సామానుకి విడిగా అడగకుండానే రక్షణ ఉంటుంది. ఇంకో మంచి సంగతి, ఇంటి విలువ తక్కువ రాయించారు కాబట్టి పరిహారంలో ఆ మేరకు కోత పెడతామనే పాత పేచీ ఇందులో లేదు. ఓ మామూలు శ్లాబు ఇంటికి ఏడాది ప్రీమియం చాలా సందర్భాల్లో వందల్లోనే ఉంటుంది.

ఇంత ఉన్నా మా పిన్ని ఊళ్ళో ఇంటి బీమా ఉన్న ఇల్లు నాకు ఒక్కటీ కనబడలేదు. ఎందుకంటే దీన్ని అమ్మడానికి మందస దాకా ఎవరూ రారు. వందల రూపాయల ప్రీమియం మీద ఏజెంటుకి మిగిలేది బస్సు చార్జీకి కూడా చాలదు. అందుకే ఊళ్ళోకి జీవిత బీమా వస్తుంది, బండి బీమా వస్తుంది, ఇంటి బీమా మాత్రం రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ ఎత్తేశారు. మంచి పని చేశారు. ఇంటి బీమా మీద 18 శాతం మాత్రం అలాగే ఉంచారు. ఇల్లంటే అవసరం కాదు, విలాసం అన్నట్టుంది ఆ లెక్క.

బాగా చదువుకున్నవాళ్ళకైనా ఇది తెలుసా అంటే, నా సంగతే చెబుతాను. శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకోవడానికి ఒక బ్యాంకులో అప్పు తీసుకున్నాను. సంతకాలు పెట్టించుకునేటప్పుడు "ఇన్సూరెన్స్ కూడా ఇందులోనే కలిపేశాం సార్" అన్నారు. పెద్ద మొత్తమే, అప్పులో కలిపి నెలనెలా కట్టించుకున్నారు. ఇంటికి బీమా ఉందని ఏళ్ళ తరబడి నిశ్చింతగా ఉన్నాను. గులాబ్ వానలకి కింద గదుల్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి, తలుపులు ఉబ్బి, ఫ్రిజ్ పాడైతే, పాలసీ కాగితం కోసం బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగాను. చివరికి చేతికొచ్చిన కాగితం చూస్తే, నేను చనిపోతే మిగిలిన అప్పు బ్యాంకుకి కట్టే బీమా అది. ఇంటికి పైసా లేదు. హోమ్ లోన్ ఇన్సూరెన్స్ వేరు, హోమ్ ఇన్సూరెన్స్ వేరు. ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఇంటి అప్పు ఉన్నవాళ్ళు ఇవాళే బీరువాలోంచి ఆ కాగితం తీసి చూసుకోండి.

బీమా లేనప్పుడు మిగిలేది ప్రభుత్వ సాయం. 2022 నుంచి 2026 వరకు విపత్తు సహాయ నిధి కింద కేంద్రం పెట్టిన లెక్కలో, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. పాక్షికంగా, అదీ కనీసం 15 శాతం దెబ్బతింటే, పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. వరండా మీదికి రేకులు, వాటిని ఎక్కించే మేస్త్రీ కూలి, ఇద్దరు మనుషులు, కొబ్బరి మాను పడి విరిగిన పిట్టగోడ, తడిసిన వైరింగు, ఇవన్నీ ఆ 6,500లో ఎక్కడ సరిపోతాయి? రాష్ట్రం తన వంతుగా కలిపితే కలపవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు విజయవాడలో కింది అంతస్తు ఇళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఇచ్చారు. కానీ ఆ అంకె ముందే రాసిపెట్టి ఉన్నది కాదు. మునిగాక తేలిన అంకె. రేపు నాగావళి పొంగి శ్రీకాకుళంలో ఇళ్ళు మునిగితే ఎంతిస్తారో ఇవాళ ఎవరూ చెప్పలేరు.

బీమా కంపెనీలు డబ్బులిస్తాయా, పంట బీమాలో రైతు పడ్డ పాట్లు చూడలేదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వ బాధ్యతని ప్రైవేటు వ్యాపారానికి అప్పగించడమేనని కూడా అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ క్లెయిము ఎగ్గొట్టడం తేలిక అయ్యేది, ఎదురుగా ఒంటరి మనిషి ఉన్నప్పుడు. ఒక జిల్లాలో లక్షల ఇళ్ళ తరఫున రాష్ట్ర ప్రభుత్వమే పాలసీదారుగా ఎదురు నిలబడితే కంపెనీ ఒక్క ఇంటితో ఆడినట్టు ఆడలేదు. బాధ్యత కూడా ప్రభుత్వం నుంచి పోదు. తుపాను తర్వాత ఖర్చు పెట్టేదాన్ని కొంత ముందే పెడుతుంది, అంతే.

అసలు నన్ను ఇంతలా పట్టుకున్న విషయం డబ్బు కాదు. తుపాను మర్నాడు మనిషి ఎలా నిలబడతాడన్నది. మా పిన్ని కష్టపడి బతికిన మనిషి. జీడితోటలో కూలికెళ్ళి, పలాసలో జీడిపిక్కలు ఒలిచి, వేళ్ళు నల్లబడి, ఆ డబ్బుతో కట్టుకున్న ఇల్లది. అలాంటి మనిషి, నష్టం రాసుకునే కుర్రాడి వెనక చేతులు కట్టుకుని, "బాబూ, ఇటు కూడా సూడు" అంటూ తిరగడం నేను కళ్ళారా చూశాను. జాబితాలో పేరుందా లేదా, పేరుంటే ఏ గడిలో ఉంది, ఆ గడి ఎవరు మార్చగలరు, ఎవరి మాట నడుస్తుంది. తుపాను తర్వాత నెల రోజులు ఊరంతా ఇదే మాట. పాలసీ ఉన్న మనిషి అలా తిరగక్కర్లేదు. ఆమె ముందే డబ్బు కట్టింది, రావాల్సింది అడుగుతోంది. ఇవ్వకపోతే ఫిర్యాదు చేస్తుంది. ఆ ఒక్క కాగితంతో మనిషి నడుం నిటారుగా ఉంటుంది.

ఇక తాళం వేసిన ఇళ్ళ సంగతి. మన రెండు జిల్లాల్లో ఇల్లు కట్టేది ఊళ్ళో సంపాదనతో కాదు. హైదరాబాద్‌లో తాపీ పని, చెన్నైలో హోటలు, గల్ఫ్‌లో వెల్డింగు, గుజరాత్ తీరంలో చేపల వేట, వీటి డబ్బే ఇక్కడ శ్లాబు అవుతుంది. తిత్లీ వచ్చిన నెలన్నరకే, 2018 నవంబరులో, వీరావల్ నుంచి వేటకి వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. వాళ్ళు విడుదలై తిరిగి వచ్చింది 2020 జనవరిలో. ఊరొదిలి పోయేవాడి గుండెలో ఉండేది ఊళ్ళో ఇల్లు ఒక్కటే. ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి సున్నం కొట్టించి, పది రోజులుండి మళ్ళీ తాళం వేసి వెళ్ళిపోతాడు. మన సాయం పద్ధతి అంతా, తుపాను నాడు ఊళ్ళో ఉన్నవాడి కోసం తయారైనది. ఊరు నిలబడింది ఊళ్ళో లేనివాడి డబ్బు మీద. వలస గురించి ఇన్ని మాటలు మాట్లాడే మన నాయకులు, ఉద్యోగాలొస్తే వలస ఆగుతుందని ప్రతి ఎన్నికలకీ చెప్పే మన నాయకులు, వలస పోయినవాడి ఇంటి గురించి ఒక్క మాట మాట్లాడి నేను వినలేదు. వాడు ఓటుకి బస్సెక్కి వస్తే చాలు. వాడి వంటగది గోడ ఎవరికీ పట్టదు. బీమాకి మనిషి గుమ్మంలో నిలబడి ఉండక్కర్లేదు. ఇల్లు ఉంటే చాలు, తాళం వేసి ఉన్నా సరే అని పాలసీలోనే రాయించుకోవాలి.

ఎలా చెయ్యాలన్నది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇప్పుడు ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా ఇస్తున్న ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన, 2015 నుంచి నడుస్తోంది. బ్యాంకు ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కట్ అవుతుంది. ఊళ్ళో చదువురాని అవ్వకి కూడా ఆ పాలసీ ఉంది. ఇంటికి కూడా అదే దారి. పంచాయతీ, మున్సిపాలిటీల్లో ప్రతి ఇంటికీ పన్ను నంబరు ఉంది. పట్టా ఉన్నా లేకపోయినా పన్ను నంబరు ఉంటుంది. ఆ నంబరే పాలసీ నంబరు కావాలి. రేషన్ కార్డున్న ఇళ్ళకి ప్రీమియం ప్రభుత్వం కట్టాలి, మిగిలినవాళ్ళు పన్నుతో పాటు కట్టాలి. ఫ్రాన్స్‌లో 1982లోనే చట్టం చేసి ఇంటి బీమా తీసుకున్న ప్రతివాడి దగ్గరా ప్రకృతి విపత్తుల కోసం కొంత అదనంగా వసూలు చేస్తున్నారు. కొండ మీద ఉన్నవాడూ, ఏటి ఒడ్డున ఉన్నవాడూ ఒకే శాతం కడతారు. ఆపద ఉన్నచోట మాత్రమే కట్టించుకుంటే ఆ ప్రీమియం పేదవాడు మోయలేడు. అందుకని అనంతపురం వాడు కూడా కట్టాలి, కరువు బీమాకి మనమూ కట్టాలి.

పెద్ద తుపానులకి సర్వేయరు కోసం ఎదురుచూడకుండా డబ్బొచ్చే పద్ధతి కూడా ఉంది. గాలి ఇంత వేగం దాటితే, వాన ఇన్ని సెంటీమీటర్లు దాటితే ఇంత అని ముందే ఒప్పందం రాసుకుంటారు. నాగాలాండ్ ప్రభుత్వం ఇలాంటి పాలసీనే తీసుకుంది. ఇందులో లోపం లేకపోలేదు. కొలిచే యంత్రం ఒకచోట, దెబ్బ ఒకచోట తగలవచ్చు. అందుకే ఇది ముందుగా చేతికొచ్చే డబ్బు కావాలి, అసలు నష్టం లెక్క తర్వాత తేలాలి. రేకులు పోయిన ఇంటికి మొదటి వారంలో వచ్చే పదివేలు, ఆరు నెలల తర్వాత వచ్చే యాభైవేల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

మొన్న పిన్ని ఇంటి పన్ను నేనే కట్టాను. రసీదులో ఇంటి పన్ను ఒక గడి, దాని కింద గ్రంథాలయ సెస్సు. పన్నులో రూపాయికి 8 పైసలు చొప్పున ఆ సెస్సు మా నాన్న కట్టేవాడు, ఇప్పుడు నేను కడుతున్నాను. ఊళ్ళో ఎవరూ దాన్ని భారం అనుకున్నట్టు ఎన్నడూ వినలేదు. దాని కింద ఇంకో గడి పట్టేంత చోటుంది. రసీదు ఫోటో తీసి చెన్నైలో ఉన్న పక్కింటాయనకి పంపాను, ఆయన పన్ను కూడా కట్టెయ్యనా అని అడుగుతూ. కట్టెయ్యమన్నాడు. పోయినసారి కూలిన వంటగది గోడ ఈ సంక్రాంతికి కట్టిస్తాడట, ఇటుకలు ఇప్పుడే దింపించి పెట్టమన్నాడు.