యూవీ టార్చ్ చూపించేది ఒకటి, మనం తేల్చేది ఇంకొకటి

చవకగా దొరికే యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ ఇప్పుడు కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గరి నుంచి వంటింటి దాకా వచ్చేసింది. దాని వెలుగులో ఏ వస్తువు మెరిసినా వెంటనే నకిలీ అనో, కల్తీ అనో తేల్చేస్తున్నారు. ఈ తొందరపాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

కొన్ని పదార్థాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకొని, అందులో కొంత శక్తి పోగా మిగిలినదాన్ని కంటికి కనిపించే రంగుగా వదులుతాయి. 1852లో శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ వివరించిన ఈ ప్రతిదీప్తి (ఫ్లోరోసెన్స్) అణువుల నిర్మాణాన్ని బట్టి వచ్చే గుణమే తప్ప, ఆ వస్తువు మంచిదా చెడ్డదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

ఉతికిన తెల్లచొక్కానే చూడండి. చీకటి గదిలో టార్చ్ వేస్తే అది నీలంగా వెలిగిపోతుంది. సబ్బుపొడిలో కలిపే బ్రైటెనర్లు అనే రసాయనాలు బట్టకు అంటుకొని, ఎండలోని అతినీలలోహిత కాంతిని నీలి కాంతిగా మార్చడం వల్లనే మనకు ఆ చొక్కా మరింత తెల్లగా కనిపిస్తుంది. మన అమ్మమ్మలు వాడిన నీలిమందు అలా మెరవదు. అది తన నీలం ఛాయతో బట్టలోని పసుపుదనాన్ని అణచివేస్తుంది, అంతే.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల నష్టపోయేది సామాన్యులే. మన కరెన్సీ నోట్ల కాగితం పత్తితో తయారవుతుంది, అందులో బ్రైటెనర్లు కలపరు. అందుకే అసలు నోటు టార్చ్ కింద మసకగా ఉండి, నంబర్లూ సన్నని దారపు పోగులూ లాంటి కొన్ని భాగాలు మాత్రమే వెలుగుతాయి. మామూలు తెల్లకాగితం మీద అచ్చువేసిన దొంగనోటు మొత్తంగా నీలంగా మెరుస్తుంది. ఇంతవరకు పరీక్ష సబబే. అయితే జేబులో మరిచిపోయి చొక్కాతోపాటు ఉతికేసిన అసలు నోటుకు కూడా సబ్బుపొడిలోని ఆ రసాయనమే పట్టుకుంటుంది. మా వీధి కొట్టులో ఒక పెద్దావిడ ఇచ్చిన అయిదువందల నోటు ఇలాగే మెరిసింది. నీటి గుర్తునూ, భద్రతా దారాన్నీ చూడకుండానే అందరి ముందూ ఆమెను దొంగను చూసినట్టు చూశారు. ఆ అవమానాన్ని నేను ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాను.

తిండి విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. చెంచాడు నూనెలో చిటికెడు పసుపు కలిపి చూస్తే ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది, ఎందుకంటే పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం స్వభావమే అది. లెడ్ క్రోమేట్ అనే విషపూరితమైన సీసపు రంగు కలిపిన కల్తీ పసుపులోనూ కుర్కుమిన్ ఉంటుంది కాబట్టి అదీ మెరుస్తుంది. 2024లో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయిని నిషేధించడానికి కారణమైన రోడమిన్-బి అనే కృత్రిమ రంగు కూడా మెరిసేదే. అయినా అది ఉందని తేల్చింది ప్రయోగశాల పరీక్షే.

వేరుశనగ పండించే అనంతపురం రైతులకు ఇది మరీ ముఖ్యం. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాక బయటపడిన విషం అఫ్లటాక్సిన్. అందులో కొన్ని రకాలు నీలంగానూ, కొన్ని ఆకుపచ్చగానూ మెరుస్తాయి. మొక్కజొన్న గింజల మీద కనిపించే ఆకుపచ్చ కలిసిన పసుపు మెరుపు మాత్రం ఆ విషానిది కాదు, అదే బూజు తయారుచేసే మరో పదార్థానిది. కాబట్టి అనుమానమున్న గింజలను పక్కకు తీయడానికి టార్చ్ పనికొస్తుందే గాని, మెరవని గింజ తినదగినదని పూచీ ఇవ్వలేదు.

టార్చ్ కొనేవాళ్లు దాని పెట్టె మీద కాంతి తరంగదైర్ఘ్యాన్ని తెలిపే అంకె తప్పక చూడండి. 365 నానోమీటర్లది ఇలాంటి పరిశీలనకు మేలు. 395ది తానే ఊదారంగు వెలుగు చిమ్మి కంటిని తికమకపెడుతుంది. సూక్ష్మక్రిములను చంపడానికి వాడే 254 నానోమీటర్ల దీపం కన్నునూ చర్మాన్నీ దెబ్బతీస్తుంది, దాన్ని పిల్లల చేతికి ఇవ్వనే కూడదు. ఈ అంకె ముద్రించని టార్చ్‌ను అసలు అమ్మనివ్వకూడదని నా అభిప్రాయం.