సీటైమ్ అంటే ఫైల్ పుట్టిన టైమ్ కాదండీ!

ఇప్పుడే ల్యాప్‌టాప్ మూశాను. ఒళ్ళు మండిపోతోంది.

ఫోల్డర్‌లో చివరగా మారిన ఫైల్ ఏదో చూసి, దాన్ని పంపడమే మా పైథాన్ స్క్రిప్ట్ పని. ఈ రాత్రి ఎప్పుడో మార్చి నెల ఫైల్ పంపింది. ఎందుకయ్యా అంటే, సాయంత్రం ఎవరో సర్వర్‌లో ఆ పాత ఫైల్‌కి పర్మిషన్లు మార్చారు. లోపల ఒక్క అక్షరం కూడా మారలేదు. కానీ కోడ్‌లో రాసింది గెట్‌సీటైమ్, అంటే ఫైల్ సీటైమ్ అడిగే ఫంక్షన్! లైనక్స్‌లో ఆ సీ అంటే చేంజ్. పర్మిషన్ మార్చినా, ఓనర్‌ని మార్చినా ఆ టైమ్ మారిపోతుంది. విండోస్‌లో పైథాన్ అదే పేరుతో ఫైల్ క్రియేట్ అయిన టైమ్ ఇస్తుంది. రాసినాయన ల్యాప్‌టాప్ విండోస్, సర్వర్ లైనక్స్. "నా దగ్గర బాగానే పనిచేసింది" అన్నాడు. పనిచేస్తుంది మరి! ఈ గందరగోళం వల్లే కదా పైథాన్ 3.12లో, విండోస్‌లో క్రియేషన్ టైమ్ కోసం ఆ సీటైమ్‌ని వాడొద్దని, బర్త్‌టైమ్ అనే వేరే విలువ వాడమని చెప్పింది.

ఫైల్ లోపలి విషయం చివరగా మారిన టైమ్ (ఎమ్‌టైమ్) ఇచ్చే గెట్‌ఎమ్‌టైమ్ అని రాసి, అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచే మ్యాక్స్‌కి కీగా ఇస్తే ఒక్క లైన్‌లో పని అయిపోయేది. ఇంకొందరైతే ఫోల్డర్‌లోని పేర్లన్నీ ఇచ్చే లిస్ట్‌డిర్ లిస్టులో చివరిదాన్ని తీసుకుని అదే లేటెస్ట్ అంటారు. ఆ లిస్టుకి ఒక వరస అంటూ ఉండదని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, చదివితే కదా.

అసలు ఎమ్‌టైమ్‌ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కోడ్ మార్పులు భద్రపరిచే గిట్ ఫైల్ టైమ్‌లు గుర్తుపెట్టుకోదు, క్లోన్ చేస్తే, అంటే మొత్తం కొత్తగా దించుకుంటే, అన్నీ ఇప్పుడే పుట్టినట్టు కనిపిస్తాయి. లైనక్స్‌లో మామూలు సీపీ కమాండ్‌తో కాపీ చేసినా అంతే, మైనస్ పీ లాంటి ఆప్షన్ పెడితేనే పాత టైమ్ నిలుస్తుంది. ఇంకా సగమే రాసిన ఫైల్ కూడా లేటెస్టే అవుతుంది! అందుకే రెండేళ్ళ క్రితం ఈ కోడ్ రివ్యూలో కామెంట్ రాశాను: ఫైల్ పేరులోనే తేదీ పెట్టండి, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, అప్పుడు పేరుతో సార్ట్ చేస్తే చాలు అని. "ఇంత చిన్నదానికి ఇంత ఆలోచన ఎందుకు" అని ఆ కామెంట్ మూసేశారు. ఈరోజుకీ ఆ ఫోల్డర్‌లో ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ న్యూ రెండు అనే ఫైళ్ళే ఉన్నాయి.

రాత్రి పదకొండుకి ఫోన్ మాత్రం నాకే వచ్చింది. ఆ కామెంట్ ఇంకా ఉంది, వెతికి పట్టుకున్నాను. రేపు మీటింగ్‌లో స్క్రీన్ మీద పెడతాను.