రెండు వెంట్రుకలే కదా అన్న పెద్దాయనకు

చేతులకు ఇంకా గంజి వాసన పోలేదు. స్నానం చేశాను, అన్నం తిన్నాను, పడుకుందామని చూశాను. కోపం మాత్రం చల్లారలేదు. రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఆదివారాలు ఎక్కడికి వెళ్తానో మీలో చాలామందికి తెలుసు. ఒకప్పుడు రోడ్ల మీద ఆడించిన ఎలుగుబంట్లను తెచ్చి ఉంచే ఆశ్రయం అది. ఈ మధ్యాహ్నం సందర్శకులు వచ్చే వేళకు నేను కంచె పక్కన చీపురుతో నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని దగ్గరికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతికి మంచి గడియారం, మెత్తటి మాట. "అమ్మా, వీడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. లోపల ఊడ్చేది నువ్వే కదా, రెండు వెంట్రుకలు తెచ్చిపెట్టమ్మా. తాయెత్తులో వేయిస్తాం" అన్నారు.

కుదరదండీ అన్నాను. "పీకమనడం లేదు కదమ్మా, రాలినవే ఇవ్వు" అన్నారు. చట్టం ఒప్పుకోదండీ అన్నాను. "రెండు వెంట్రుకలే కదా, వాటికి కూడా చట్టమేమిటి?" అని నవ్వి, జేబులోంచి వంద నోటు తీశారు.

అంతటితో అయిపోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. నేను ముఖం తిప్పుకోగానే ఆయన మనవడికి ఎలుగును దగ్గరగా చూపించాలనుకున్నారేమో, కారు తాళాల గుత్తితో కంచె ఇనుప గొట్టం మీద టకటకా కొట్టారు. లోపల నీడలో పడుకున్న గంగ లేచింది. లేచి ఇటువైపు రాలేదు. ఉన్నచోటే వెనక కాళ్ల మీద నిలబడింది. ముందరి పాదాలు రెండూ గుండెల దగ్గరికి తెచ్చుకుని తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. "తాతా, నాకు దండం పెడుతోంది!" అన్నాడు ఆ మనవడు.

దండం కాదు నాన్నా అది. నీకు చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను. ఎలుగుబంటి తన పిల్లలను నెలల తరబడి వీపు మీద మోసుకుని తిరుగుతుంది. ఆ వీపు మీది పిల్లను ఎత్తుకుపోవాలంటే తల్లిని చంపాలి, లేదా తల్లి లేని సమయం చూసి గుహలో దూరాలి. అలా తెచ్చిన పసికూన ముక్కును కాల్చిన ఇనుప చువ్వతో పొడుస్తారు. మత్తు ఇవ్వరు, మందు వేయరు. ఆ పచ్చి పుండులోంచే తాడు దూరుస్తారు. కరవకుండా పళ్లు రాలగొడతారు. తాడు పైకి లాగితే నొప్పి తట్టుకోలేక కూన వెనక కాళ్ల మీద లేస్తుంది, కర్ర చప్పుడుకు కాలు మారుస్తుంది. దాన్నే మనం ఎలుగు ఆడిందని అంటూ వచ్చాం. గంగ ముక్కు తాడు తీసేసి ఏళ్లు గడిచాయి. ఇనుము మీద ఇనుము మోగితే ఇప్పటికీ లేచి నిలబడుతుంది. మేము బక్కెట్టు కింద పెట్టేటప్పుడు హ్యాండిల్ మోగకుండా గుడ్డ చుట్టి పెడతాం. ఆరు నెలలుగా ఒక్క చప్పుడు పడకుండా కాపాడుకుంటూ వచ్చింది ఈరోజు ఒక తాళాల గుత్తితో పోయింది.

మా ఊళ్లో చిన్నప్పుడు దీన్ని గుడ్డెలుగు అనే పిలిచేవాళ్లం. నిజంగానే ఎలుగుకు చూపు అంతంతమాత్రం. ముక్కే దానికి కళ్లు. అడవిలో ఆ ముక్కుతోనే పుట్టను వాసన పట్టి, గోళ్లతో తవ్వి, గాలి ఊది మట్టి ఎగరగొట్టి, లోపలి చెదలను పీల్చుకుంటుంది. అలా పీల్చడానికి వీలుగానే దానికి పుట్టుకతోనే పైదవడ ముందు పళ్లు రెండు ఉండవు. దేవుడు ఇంత పనితనంగా చేసి పెట్టిన ముక్కుకే వెతికి వెతికి కన్నం పొడిచారు. గంగ గంజి తాగేటప్పుడు ఊచల ఇవతల నుంచి చూస్తే ముక్కు పైన చిటికెన వేలు పట్టేంత రంధ్రం, ఒక పక్క చీలి మళ్లీ వంకరగా అతుక్కున్న పెదవి కనిపిస్తాయి. కోరపళ్లు లేవు. గంజి పెదవి చీలికలోంచి సగం కారిపోతుంది. కారిందాన్ని నేల మీద నుంచి మళ్లీ నాకుతుంది, గిన్నె తోమినట్టు.

ఇలాంటి జీవి ఒంటి మీద నుంచి రెండు వెంట్రుకలు కావాలట.

పెద్దాయనా, మీరు అడిగారు కాబట్టి చట్టం సంగతి చెబుతాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. జంతువు శరీర భాగాలంటే ఏమిటో చెప్పేచోట ఆ చట్టం గోరు, పన్నుతో పాటు వెంట్రుకను కూడా పేరు పెట్టి రాసింది. ఎలుగును, కోతిని, పులిని, చిరుతను, సింహాన్ని ఆడించకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు సరైనదేనంది. 2009లో రాజు అనే ఎలుగును బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్టలో ఉన్న ఎలుగుల కేంద్రానికి చేర్చినప్పుడు, రోడ్డు మీద ఆడే చివరి ఎలుగు అదేనని ప్రకటించారు. 1972 నుంచి 2009 దాకా ముప్పై ఏడేళ్లు. ఈ ముప్పై ఏడేళ్లూ డబ్బులు వేసింది ఎవరు? మనమే. ఇంటి ముందుకు వస్తే బియ్యం పోసింది మనం. వెంట్రుకలు కొన్నది మనం. జడిసిన పిల్లను వీపు మీద ఎక్కించమని బతిమాలింది కూడా మనమే.

ఈ మాట అనగానే "ఎలుగును ఆడించి బతికిన కలందర్లను అనకుండా మమ్మల్ని అంటావేమిటి" అంటారు. వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. తరాల నుంచి వేరే పని తెలియని బీదవాళ్లు. ఎలుగును అప్పగిస్తే ఇంత పెట్టుబడి ఇస్తాం, పిల్లలను బడికి పంపిస్తాం అన్నప్పుడు అప్పగించారు. ఆటో నడుపుతున్నవాళ్లున్నారు, వాళ్ల ఆడవాళ్లు కుట్టుపని చేసుకుని ఇల్లు నడుపుతున్నారు. 1995లో మొదలైన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ ఆగ్రా దగ్గర ఆశ్రయం పెట్టి, ఇలా ఒక్కొక్క కుటుంబంతో మాట్లాడి ఆరు వందలకు పైగా ఎలుగుబంట్లను విడిపించింది. కడుపు కోసం ఆడించినవాడు మారాడు. వేడుక చూసిన మనం మారలేదు. గడియారం పెట్టుకుని, కారులో వచ్చి, వంద నోటు చూపిస్తున్నాం.

నాకు ఈ తాయెత్తు మీద పాత కక్ష ఉంది. నాకు ఐదేళ్లప్పుడు జ్వరంలో కలవరిస్తున్నానని మా అమ్మ నన్ను ఎలుగు వీపు మీద కూర్చోబెట్టించింది. మా వీధి మొత్తం చుట్టూ నిలబడింది. ఆ వీపు వెచ్చగా ఉంది, బొచ్చు గరుకుగా ఉంది, వంగి చూస్తే తాడు తడిగా ఉంది. ఎందుకు తడిగా ఉందని అడిగాను. చొంగ అన్నారు. అది చొంగ కాదని ఇరవై ఐదేళ్ల తర్వాత, ఆశ్రయంలో పాత ఫొటోలు చూస్తున్నప్పుడు తెలిసింది. ముక్కు పుండులోంచి కారిన రసి అది. ఆ రాత్రి ఇంటికి వచ్చి అమ్మతో గొడవ పెట్టుకున్నాను. "అందుకే కదే నీకు భయం పోయింది" అంది. మూడు రోజులు మాట్లాడలేదు. అమ్మ మీద ప్రేమ లేక కాదు. ఆ రోజు ఆ వీధిలో ఉన్న అంతమంది పెద్దవాళ్లలో ఒక్కరికైనా ఆ తాడు చివర ఏముందో చూడాలనిపించలేదు, అది నేను మరచిపోలేను.

మళ్లీ వీళ్లే శనివారం తప్పకుండా గుడికి వెళ్తారు. హనుమంతుడికి ఆకుపూజ చేయిస్తారు. సముద్రం ముందు కూలబడ్డ హనుమంతుడికి నీ బలం ఇదయ్యా అని గుర్తుచేసింది ఎవరు? జాంబవంతుడు. కృష్ణుడికి పిల్లనిచ్చింది ఎవరు? ఆ జాంబవంతుడే. ఆ జాతిని ముక్కుతాడు వేసి సంత సంతకూ తిప్పితే ఒక్క పురాణం చెప్పేవారికి కూడా కోపం రాలేదు.

మొన్నొక పెళ్లిలో దగ్గరి బంధువొకాయన పదిమందిలో అడిగారు, "ఎలుగుబంట్లకు పేడ ఎత్తే బదులు మనుషులకు సేవ చేయరాదా?" అని. బాబాయ్, మీరు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. మీరు ఏ మనిషికి చేశారో చెప్పండి, వచ్చి మీ పక్కన నిలబడి చేస్తాను. పెద్దమ్మ మంచం పట్టిన ఎనిమిది నెలల్లో మీరు ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. అక్కడ మంచం పక్కన పడుకున్నది నేనే. మనుషులకు చేసేవాళ్లు ఈ ప్రశ్న ఎప్పుడూ అడగరు, వాళ్లకు ఆ తీరిక ఉండదు.

ఇక మాతో పాటు వాలంటీర్లుగా వచ్చే కొందరి సంగతి. పేరు నమోదు చేసుకునే రోజే "ఎలుగును ఎప్పుడు ముట్టుకోనిస్తారు?" అని అడుగుతారు. ముట్టుకోనివ్వరు. నేను రెండేళ్లుగా వెళ్తున్నాను, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆడించిన ఎలుగుల్లో క్షయ ఎక్కువగా బయటపడింది, మన దగ్గు వాటికి ప్రమాదం. అదీ కాక, పుట్టినప్పటి నుంచి మనిషి చెయ్యి తగిలితే నొప్పే తెలిసిన జీవికి మనం ఇవ్వగలిగిన గొప్ప కానుక దూరంగా ఉండటమే. పని అంటే పుచ్చకాయలు కోయడం, గంజి కాయడం, తొట్టి పాచి గీకడం, పేడలో పురుగులున్నాయేమో చూడటం, మొద్దుల కన్నాల్లో తేనె పూసి పెట్టడం. ఆ తేనె కోసం అవి గంటసేపు మొద్దును దొర్లిస్తూ ఉంటే ఆ గంటసేపైనా తల ఊపడం మరచిపోతాయి. అందుకోసమే ఆ మొద్దులు. ఎక్కడైనా ఎలుగు కూనను మీ ఒళ్లో పెట్టి ఫొటో తీయనిస్తున్నారంటే అక్కడికి వెళ్లకండి. మీరు వెళ్లినందుకే ఇంకో కూనను తల్లి దగ్గర నుంచి లాక్కొస్తారు.

ఈరోజు పెద్దాయన వెళ్లిపోయాక కూడా గంగ దిగలేదు. కీపర్ వచ్చి సందర్శకులందరినీ దూరంగా పంపేశాడు. ఇద్దరం గోడ చాటున కూర్చున్నాం. ఇనుప గొట్టం చప్పుడు ఆగినా దాని తల ఆగలేదు, ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. నలభై నిమిషాలు చూశాను. కీపర్ తేనె పూసిన మొద్దును నెమ్మదిగా లోపలికి దొర్లించాడు. వాసన అందాక ముందు ముక్కు ఆగింది, తర్వాత తల ఆగింది, ఆ తర్వాత ముందరి కాళ్లు నేల మీదికి వచ్చాయి.

సాయంత్రం దాని గది ఊడ్చాను. మూలన, ఊచల మధ్య, నీళ్ల తొట్టి అంచున రాలిన నల్లటి వెంట్రుకలు ఉన్నాయి. వేసవి కదా, ఎక్కువే రాలుతున్నాయి. చీపురుకు చిక్కినవి కూడా చేత్తో ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేశాను. కాల్చే చోటికి కీపర్‌తో పాటు నేనూ వెళ్లి, సంచి పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.