మళ్లీ ఒకసారి మునుగు బాబూ

‘అధికార యంత్రాంగం అప్రమత్తం’ అన్న వార్త కనబడగానే శ్రీకాకుళంలో బుద్ధి ఉన్నవాడు చేసే మొదటి పని కొవ్వొత్తులు కొనుక్కోవడం, రెండో పని నీళ్ల ట్యాంకు నింపుకోవడం. ఆ అక్షరాలు ఎంత లావుగా పడితే కరెంటు అన్ని రోజులు రాదని మా అనుభవం.

ఈ ఏడు అప్రమత్తత తుపాను కంటే ముందే వచ్చింది. నాగావళి ఒడ్డున విపత్తు సన్నద్ధత ప్రదర్శన పెట్టారు. ఏట్లో మోకాటి లోతు నీళ్లు. తెచ్చిన పడవ ఇసుకలో దిగబడిపోతే నలుగురు కలిసి బయటికి లాగారు. ఆ పూట నిజంగా జరిగిన రక్షణ అదొక్కటే. వరద బాధితుడి వేషం ఒక పొరుగు సేవల కుర్రవాడికి ఇచ్చారు. పడుకుంటే తప్ప మునగడానికి వీలులేదు కనుక, పాపం, పడుకునే మునిగాడు. ఒడ్డుకు ఈడ్చుకొచ్చి పొట్ట నొక్కుతుండగా పెద్దసారు కారు దిగారు. ‘సారు చూడలేదు, మళ్లీ ఒకసారి మునుగు బాబూ’ అన్నారు. మునిగాడు. ఫొటోగ్రాఫరుకు ఎండ ఎదురు కొట్టింది. ‘కాస్త ఇటు తిరిగి మునుగు.’ అలాగే మునిగాడు. లేచి వచ్చేసరికి టిఫిను పొట్లాలు అయిపోయాయి. ‘ఈదురుగాలులతో జాగ్రత్త’ అన్న ఫ్లెక్సీ పిల్లగాలికే ఎగిరిపోబోతుంటే ఇద్దరు చివరిదాకా పట్టుకుని నిలబడ్డారు.

కాలువల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు, పూడిక తీశారు. తీసి కాలువ గట్టు మీదే పోశారు. వాన పడితే దానికి ఇంటిదారి తెలుసు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. హుద్‌హుద్ తుపాను వచ్చి అప్పటికి నాలుగేళ్లకు ఒక్క రోజు తక్కువ. వజ్రపుకొత్తూరు వైపు మా పెదనాన్న తోట కూడా పోయింది. లెక్క రాయడానికి వచ్చినాయన, ‘పడిన చెట్టు పక్కన మీరు నిలబడిన ఫొటో ఉందా?’ అని అడిగాడు. ఊరంతా చీకటి, ఫోన్లలో ఛార్జింగు లేదు, రోడ్ల మీద చెట్లు. నలభై ఏళ్లు సాకిన చెట్టు శవం పక్కన నిలబడి కెమెరా వైపు చూడమనడానికి నోరెలా వచ్చిందయ్యా? కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి ఆరేడేళ్లు కావాలి. పెదనాన్నకప్పటికే డెబ్బై. ఆ లెక్క ఏ గడిలో రాశారు?

మునిగిన కుర్రవాడు మొన్న కనిపించాడు. జ్వరమొచ్చి మూడు రోజులు పనికి వెళ్లలేదట, జీతం కోసేశారట. ‘సారూ, నీళ్లలో మునిగాను కదా’ అంటే ఆధారం అడిగారట. ప్రదర్శన ఫొటో తెచ్చి చూపించాడు. అందులో పెద్దసారు, ఫ్లెక్సీ, పడవ ఉన్నాయి.