యజమాని లేనిదే ఆకు కదలరాదు

చిన్న వ్యాపారస్తులు నాయకత్వం నేర్చుకోవాలని ఈమధ్య ఎవరిని చూసినా చెబుతున్నారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, చిన్న వ్యాపారంలో నాయకత్వం తప్ప ఇంకేముందని నేర్చుకోవడం? ఆరుగురు పనివాళ్లు, నాలుగు బల్లలు, ఒక బీరువా, ఒక యజమాని. యజమాని నిర్ణయిస్తాడు, మిగతావాళ్లు ఆయన నిర్ణయించేదాకా ఆగుతారు. ఇంత స్పష్టమైన అధికార వ్యవస్థ పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా దొరకదు. (ఆయన అన్న చోటల్లా ఆమె అని కూడా చదువుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో ఆడామగా తేడా ఏమీ కనబడదు.)

అయినా సలహాదారులు వదలరు. పనులు అప్పగించండి, పద్ధతులు రాసిపెట్టండి, మీరు లేకపోయినా వ్యాపారం నడిచేలా చూసుకోండి అంటూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటారు. మీరు లేకపోయినా నడవడమా! కష్టపడి వ్యాపారం పెట్టింది, మనం లేకుండా నడిపించుకోవడానికా? ఇందులోని ప్రమాదాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు కాబట్టి, ఆ బాధ్యత ఈ వ్యాసం మీద పడింది.

సిస్టమ్ లేదని చిన్న వ్యాపారాలను ఆడిపోసుకోవడం అన్యాయం. సిస్టమ్ ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తోంది కూడా. అది ఎలా తయారవుతుందో దగ్గరనుంచి చూడాలి. ఒక కస్టమర్ నిన్న కొన్న వస్తువు పట్టుకుని తిరిగొచ్చాడు. మూత బిగుసుకోవడం లేదు. మార్చి ఇవ్వాలని కౌంటర్లో ఉన్న కుర్రాడికి తెలుసు, కస్టమర్‌కీ తెలుసు. కుర్రాడు యజమానికి ఫోన్ చేశాడు. ఆయన బండి నడుపుతున్నాడు. మూడోసారికి ఎత్తాడు.

"సార్, నిన్న తీసుకెళ్లినాయన వాపసు తెచ్చారండీ. మూత పట్టట్లేదు."

"మార్చి ఇవ్వవయ్యా. ఇంత చిన్నదానికి కూడా నన్నే అడగాలా? నీకు బుర్ర లేదా?"

బుర్ర ఉందని నిరూపించుకునే అవకాశం వారం తిరక్కుండానే వచ్చింది. అదే వస్తువు, అదే మూత, వేరే కస్టమర్. కుర్రాడు ఎవరినీ అడగకుండా మార్చి ఇచ్చేశాడు. సాయంత్రం లెక్క చూస్తూ యజమాని కళ్లజోడు పైకి తోసి, "ఎవర్నడిగి ఇచ్చావు?" అన్నాడు.

అంతే, సిస్టమ్ తయారైపోయింది. అడిగితే ఒక తిట్టు, అడక్కపోతే రెండు. కుర్రాడికి లెక్కలు వచ్చు కాబట్టి ఇకమీదట ప్రతిదీ అడుగుతాడు. ప్రింటర్లో కాగితం అయిపోతే అడుగుతాడు, కొత్త కట్ట విప్పాలా వద్దా అని. ఈ నియమం ఎక్కడా రాసి లేదు, ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అయినా కొత్తగా చేరినవాడికి కూడా రెండు రోజుల్లో ఒంటబడుతుంది. రాసిపెట్టిన నియమాల్లో ఏదైనా ఇంత తొందరగా అమలైందా, చెప్పండి.

నాయకత్వం మీద జరిగిన పరిశోధనలు కూడా, సరిగ్గా చదువుకుంటే, మన యజమాని పక్షానే ఉన్నాయి. కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే ముగ్గురు 1939లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్ల పిల్లలను చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, ఒక్కో క్లబ్బుకు ఒక పెద్దాయనను నాయకుడిగా పెట్టారు. ఒక రకం నాయకుడు ఏం చేయాలో, ఎలా చేయాలో అంతా తానే చెప్పేవాడు. ఇంకో రకం పిల్లలతో మాట్లాడి, వాళ్లచేతే నిర్ణయం తీసుకునేలా చేసేవాడు. మూడో రకం మీ ఇష్టం అని వదిలేసేవాడు. కొంతసేపు నాయకుడు గదిలోంచి బయటికి వెళితే ఏమవుతుందో కూడా గమనించారు. ఆజ్ఞలతో నడిచిన పిల్లలు ఆయన గడప దాటగానే చాలావరకు పని ఆపేశారు. కలిసి నిర్ణయించుకున్నవాళ్లు మాత్రం ఇంచుమించు అలాగే చేసుకుపోయారు.

దీన్ని పట్టుకుని సలహాదారులు రెండో నాయకుడిని మెచ్చుకుంటారు. ఆయన పరిస్థితి ఒక్కసారి ఆలోచించారా? గదిలోంచి వెళ్లిపోయినా పనిలో తేడా రాలేదు. అంత అవమానం పగవాడికి కూడా రాకూడదు. మొదటాయన బయటికి అడుగు పెట్టాడో లేదో పని ఆగిపోయింది. గౌరవమంటే అదీ! మన యజమాని ఒక గంట బ్యాంకుకు వెళ్లొస్తే దుకాణంలో ఏ పనీ ముందుకు జరిగి ఉండదు. లెవిన్ బృందం అంత కష్టపడి కనిపెట్టిన సంగతి, ఈయన రోజూ ఖర్చు లేకుండా నిరూపిస్తున్నాడు.

రాసిపెట్టుకోవడం గురించి కూడా ఒక మాట. చెక్‌లిస్టు సంస్కృతికి మూలం చెప్పమంటే విమానాల కథ చెబుతారు. 1935 అక్టోబర్ 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వారి మోడల్ 299 విమానం పరీక్ష కోసం పైకి లేచి, కాసేపటికే కూలిపోయింది. నడిపినవాళ్లు అనుభవం లేనివాళ్లేం కాదు, ఆరితేరిన పైలట్లు. విమానం నేలమీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు ఊగకుండా వేసే లాక్ ఒకటి ఉంటుంది. ఎగిరే ముందు దాన్ని తీయడం మరిచిపోయారు. ఇద్దరు చనిపోయారు. ఒక్క మనిషి జ్ఞాపకం మీద ఆధారపడలేనంత క్లిష్టమైన యంత్రమని అర్థమయ్యాక, ఎగిరే ముందు చూసుకోవాల్సినవన్నీ కాగితం మీద పెట్టారు. అదే విమానం తర్వాత బి-17 పేరుతో వేల సంఖ్యలో తయారైంది. ఆపరేషన్ థియేటర్లకు ఈ పద్ధతి చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన 19 అంశాల జాబితాలో, కత్తి పెట్టే ముందు గదిలో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తమ పేరు, తమ పని చెప్పుకోవాలని కూడా ఉంది.

పైలట్లకు, సర్జన్లకు జ్ఞాపకశక్తి తక్కువ కాబట్టి కాగితం కావాలి. మన యజమానికి ఆ ఖర్మ ఏమిటి? ఏ సరఫరాదారుకు ఎంత బాకీ, ఏ కస్టమర్‌కు ఎంత తగ్గింపు మాటిచ్చాం, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏమిటి, వెనక తలుపు గడియ పట్టాలంటే ముందు ఎడమకు ఎంత నెట్టాలి, అన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. దొంగలెత్తుకుపోయే భయం లేదు. ఆయనకు మూడు రోజులు జ్వరమొస్తే మాత్రం దుకాణానికీ జ్వరమొస్తుంది, అది వేరే సంగతి.

అయినా మన యజమాని మొండివాడు కాదు. ఒకసారి శిక్షణ తరగతికి వెళ్లి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. ఆ ఉత్సాహంలో రెండు రాత్రులు కూర్చుని పని పద్ధతులన్నీ రాసేశాడు. స్పైరల్ బైండింగ్, పైన ప్లాస్టిక్ అట్ట. ఆ పని రోజూ చేసేవాళ్లను ఒక్కమాట అడిగి ఉంటే సగం పేజీలో తేలిపోయేది, కానీ వాళ్లను అడిగితే ఇంక ఆయన నాయకుడెలా అవుతాడు? పుస్తకం నలగకూడదని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఎవరికైనా పద్ధతి తెలియకపోతే ఆయనకు ఫోన్ చేస్తారు.

అప్పగించడం కూడా జరిగింది. అందరినీ నిలబెట్టి, "ఇవాళ్టి నుంచి స్టాకు బాధ్యతంతా నీదే" అని సీనియర్‌కు చెప్పాడు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. స్టాకు తక్కువైతే సీనియర్ జవాబు చెప్పాలి. కొత్త సరుకు ఆర్డరు మాత్రం యజమాని పెడతాడు, డబ్బు వ్యవహారం కదా. అధికారం, బాధ్యత జోడుగా ఉండాలని హెన్రీ ఫయోల్ అనే ఫ్రెంచి గనుల ఇంజనీరు 1916లోనే రాశాడు. ఒక ఉద్యోగికి ఆజ్ఞలిచ్చేవాడు ఒక్కడే ఉండాలని కూడా అన్నాడు. పాపం, ఆయన పనిచేసింది పెద్ద గనుల కంపెనీలో. యజమాని ఒకటి చెప్పి, యజమాని భార్య ఇంకోటి చెప్పి, బావమరిది వచ్చి ఆ రెండూ కాదని మూడోది చెప్పే చోట ఒక్క నెల ఉద్యోగం చేసుంటే పుస్తకం వేరేలా ఉండేదేమో.

టొయోటా వాళ్లది మరీ విడ్డూరం. అక్కడ తయారీ వరుసలో నిలబడ్డ మామూలు కార్మికుడు కూడా, ఏదైనా లోపం కనబడితే తాడు లాగి సాయం పిలవొచ్చు, అప్పటికీ తేలకపోతే లైనే ఆగిపోతుంది. లాగినందుకు తిట్టరట కూడా. మన దగ్గర లోపం చూసినవాడు నోరు మెదపడు. మెదిపితే దాన్ని సరిచేసే పని వాడి నెత్తినే పడుతుందని, పైగా అది ఎప్పట్నుంచి ఉందో చెప్పాల్సి వస్తుందని వాడికి తెలుసు. అందువల్ల మన దగ్గర లోపాలే లేవు. కస్టమర్లకు కనబడేవి తప్ప.

ఇక నాణ్యత నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ అంచనా అన్నిటికంటే ఇబ్బందికరమైనది. సమస్యల్లో 94 శాతం దాకా వ్యవస్థ వల్లే వస్తాయని, దాన్ని సరిచేయాల్సింది యాజమాన్యమేనని ఆయన రాశాడు. ఇదే నిజమైతే సోమవారం మీటింగు ఏం కావాలి? అందులో గంటసేపు యజమాని మాట్లాడతాడు, చివర్లో "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటాడు, ఎవరికీ ఉండవు. పోయినవారం ఆర్డరు ఆలస్యమైనందుకు ఒకడు తల దించుకుని నిలబడతాడు. ఆర్డరు పుస్తకం ఒక గదిలో, సరుకు ఇంకో గదిలో, రెంటినీ చూసే మనిషి మాత్రం లేకపోవడమే కారణమని తేలిందనుకోండి, ఎవరిని నిలబెట్టాలి? సిస్టమ్‌ను కేకలేస్తే అది తల కూడా దించదు.

చివరగా సెలవు సంగతి. బ్యాంకుల్లో డబ్బుతో, లెక్కలతో ముడిపడ్డ ఉద్యోగుల్ని ఏడాదికోసారి తప్పనిసరిగా సెలవు మీద పంపే పద్ధతి ఉంది. అమెరికాలో నియంత్రణ సంస్థలు వరుసగా రెండు వారాలు ఉండాలని సలహా ఇస్తాయి. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటేనే దాచిన మోసాలు, తెలియక జరిగిన పొరపాట్లు బయటపడతాయని వాళ్ల నమ్మకం. ఇదే మందు యజమానికీ పనికొస్తుందని, ఫోన్ పక్కన పెట్టి రెండు వారాలు పోయి రమ్మని, తిరిగొచ్చాక ఎక్కడెక్కడ పని ఆగిందో చూసుకుని అక్కడ మాత్రమే పద్ధతి రాసుకోమని సలహాదారులు అంటున్నారు.

తియ్యటి మాటలకు లొంగి ఎవరైనా వెళ్లారే అనుకుందాం. మొదటి మూడు రోజులు పరవాలేదు, ఫోన్ మోగుతూనే ఉంటుంది, ప్రాణానికి హాయిగా ఉంటుంది. నాలుగో రోజు నుంచి తగ్గుతుంది. ఎనిమిదో రోజు అసలు మోగదు. సిగ్నల్ లేదేమోనని టెన్షన్‌తో ఆయనే దుకాణానికి చేస్తాడు. మూడుసార్లు మోగాక మూతల కుర్రాడు ఎత్తి, "సార్, కస్టమర్ ఉన్నారండీ, పది నిమిషాల్లో నేనే చేస్తాను" అని పెట్టేస్తాడు.

వ్యాపారం చెయ్యిజారిపోయిందనడానికి ఇంకేం రుజువు కావాలి? అలాంటప్పుడు ఆ పది నిమిషాలూ ఆగకుండా తిరుగు టికెట్టు బుక్ చేసుకోవాలి.