బెంగళూరును మూడు వేల అడుగులు కిందికి దించాలి

ఈ ఊరి పాలకులకు ఒక పౌరుడి మనవి. బెంగళూరు ఎత్తు మరీ ఎక్కువైంది. సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల పైన, అంటే మూడు వేల అడుగుల పైన, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనట్టు కూర్చుని ఉంది. దీనివల్ల మా అమ్మాయికి సైన్సులో ఒక మార్కు పోయింది. తక్షణం ఊరిని కిందికి దించవలసిందిగా కోరుతున్నాను.

పిల్ల తొమ్మిదో తరగతి. యూనిట్ టెస్టులో నీళ్లు ఎంత దగ్గర మరుగుతాయి అని అడిగారు. "మా ఇంట్లో 97 డిగ్రీలు, నెల్లూరులో దాదాపు 100" అని రాసింది. దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా ఒక గీత, పక్కన 100, కింద సున్నా.

ఆ 97 ఊరికే రాలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న గాజు థర్మామీటరును బట్టలారేసే క్లిప్పుతో గరిటెకు బిగించి, గిన్నె అడుగుకు తగలకుండా పట్టుకుని, మారతహళ్లి ఫ్లాట్‌లో స్టవ్ ముందు నిలబడి మూడుసార్లు చూసింది. 97 దాటలేదు. మంట పెంచినా దాటలేదు. దసరా సెలవులకు ఆ థర్మామీటరును గుడ్డలో చుట్టుకుని నెల్లూరు తీసుకుపోయింది. మా అమ్మ టీ గిన్నెలో అది ముంచగానే, "ఏందే, గిన్నెకు జొరమొచ్చిందా?" అంది అమ్మ. అక్కడ ఎర్ర గీత నిక్కుతూ పోయి 100 పక్కన ఆగింది.

మా అమ్మ ఇక్కడికొచ్చిన ప్రతిసారీ కందిపప్పు గిన్నెలో ఉడకేసి, గంటసేపు కలియబెట్టి, "ఈ ఊరి నీళ్లు పాపిష్టివి, పప్పు ఉడకనీయవు" అని తిడుతుంది. బోరు నీళ్ల పాపం కొంత ఉందేమో కానీ, అసలు దొంగ గాలి. పైకి పోయేకొద్దీ నెత్తిమీద గాలి బరువు తగ్గుతుంది. నీళ్లను అదిమిపట్టేది ఆ గాలే కనుక, ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ ముందే మరిగిపోతాయి. లేహ్‌లో అయితే 88 దగ్గరే కుతకుతలాడతాయి. ఇక్కడ మూత బిగించి, ఆవిరిని లోపలే నొక్కిపెట్టి, 120 దాకా తీసుకుపోతేనే పప్పు దారికొస్తుంది. బెంగళూరులో కుక్కరు లేని తెలుగిల్లు ఉంటే చూపించండి.

పేరెంట్స్ మీటింగులో ఇదంతా మేడమ్‌గారికి విన్నవించాను. ఆవిడ మంచి మనిషి. మాట యాస పట్టి, "మీది ఆంధ్రానా సార్, మాది అనంతపురం" అని తెలుగులోకి దిగారు. అనంతపురం ఎత్తు మూడొందల మీటర్ల పైచిలుకు, అక్కడ 99కే మరుగుతాయి మేడమ్ అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూశారు.

"కరెక్టే సార్. కానీ కీలో 100 ఉంది."

"పుస్తకంలో 'వాతావరణ పీడనం దగ్గర' అని ఉంది కదండీ, ఆ ముక్క..."

"ఆ ముక్క కీలో లేదు సార్."

అయిపోయింది. కీ అనేది ఎక్కడో హెడ్డాఫీసులో పుడుతుందట, యాప్‌లో దిగుతుందట, దాన్ని మార్చే బటన్ మేడమ్‌కు లేదట. బయటికొస్తూ సెల్సియస్‌ను తలుచుకున్నాను. ఆయన 1742లో తన కొలత ప్రకటించినప్పుడు మంచు కరిగే చోట 100 పెట్టి, నీళ్లు మరిగే చోట సున్నా పెట్టాడు. తర్వాతివాళ్లు తిరగేశారు. పైగా గాలి పీడనం మారితే మరుగు స్థానం మారుతుందని ఆయనే కొలిచి మరీ చెప్పాడు. ఈ టెస్టు రాసుంటే మహానుభావుడికి ఒకే ప్రశ్నలో రెండు తప్పులు.

కీని మార్చలేం కాబట్టి ఊరినే మార్చాలి. నా పథకం సులువు. 920 మీటర్లు తవ్వాలి. గిట్టనివాళ్లు ఇది అసాధ్యమంటారు. ఆశ్చర్యమేమంటే పని ఎప్పుడో మొదలైంది, ప్రజలే గుర్తించలేదు. మా వీధి చివర గుంట పోయిన వర్షాకాలం మోకాలి లోతు, ఈసారి నడుం లోతు. మనం కాంట్రాక్టరును తిట్టుకుంటున్నాం. ఆ మనిషి పాపం, పిల్లల మార్కుల కోసం అహోరాత్రులు ఊరిని సముద్రమట్టానికి దించుతున్నాడు. ముందు నీళ్లవాళ్లు తవ్వుతారు, పూడ్చగానే కేబుల్‌వాళ్లు, వాళ్లు పోగానే కరెంటువాళ్లు. శాఖల మధ్య ఇంత సమన్వయం ఇంకే దేశంలో ఉంది? తవ్విన మట్టి ఎక్కడ పోయాలన్నదొక్కటే చిక్కు. బెళ్లందూరు చెరువులో పోయొచ్చు. అది 2015లోనూ, 2017లోనూ, 2018లోనూ అంటుకుని మండిన చెరువు. నురగ రోడ్డెక్కి, గాలికి ఎగిరి స్కూటర్ల మీద వాలేది. అది ఘనమా, ద్రవమా, వాయువా అని మా పిల్ల అడిగితే, ద్రవంలో గాలి బుడగలమ్మా, నురగ అంటారు అన్నాను. మరి నీళ్లు ఎలా మండాయి అంది. పైన తేలే చెత్తా, గుర్రపుడెక్కా, మురుగు వాయువులూ అన్నాను. అదీ సిలబస్‌లో లేదు.

ఊరు దిగేదాకా పిల్లలకు సైన్సు ఆగిపోతుందని బెంగ వద్దు. ఎగ్జిబిషన్లు ఉన్నాయి. మొన్నటి దాంట్లో మొదటి బహుమతి 'పదార్థ స్థితులు' నమూనాకు వచ్చింది. మూడు అట్టపెట్టెలు, మూడింట్లోనూ రంగులద్దిన థర్మోకోల్ గుండ్లు. ఘనంలో దగ్గరదగ్గరగా, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో చెదురుమదురుగా. ముట్టుకుని చూశాను. వాయువు గుండ్లు ఒక్కటీ కదల్లేదు. ఫెవికాల్ పెట్టి అంటించారు! క్షణం నిలవక గదంతా తిరగడమే బతుకైన వాయువును ప్రపంచంలో మొట్టమొదటిసారి గోడకు అతికించిన ఘనత ఆ పిల్లాడి తండ్రిది. చేసింది ఆయనే, చూపుడువేలికి ఇంకా జిగురు అంటుకునే ఉంది. పక్క టేబుల్ మీద 'తరంగాలు'. నీలం రంగు పూసిన థర్మోకోల్ అల, మీద మెరుపుపొడి, బాణం గుర్తులు. అదీ కదలదు. కదిపితే మెరుపుపొడి రాలుతుందని బోర్డు.

మాకు ఆ పాఠం చెప్పింది బావి చేదతాడు. మా మాస్టారు తాడు మధ్యలో చేతిరుమాలు కట్టి, ఒక కొసను గిలక స్తంభానికి ముడేసి, రెండో కొస పట్టుకుని ఊపారు. ఊపు సర్రున స్తంభం దాకా పోయింది. రుమాలు పైకీ కిందికీ ఎగిరిందే తప్ప, ఉన్నచోటు నుంచి అంగుళం ముందుకు పోలేదు. "పోయింది తాడు కాదురా, శక్తి" అన్నారు. పౌనఃపున్యం అనే మాట పలకడానికి నాకు మూడేళ్లు పట్టింది. విషయం మాత్రం ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఇక ఫిబ్రవరి 28. సైన్సు దినం. మెడలో ఐడీ కార్డు, నెత్తిన అద్దె తలపాగాతో పదిహేనుమంది చిన్న రామన్‌లు వరసగా నిలబడి రెండేసి వాక్యాలు అప్పజెబుతారు. సి.వి. రామన్ మన విశాఖపట్నంలో చదువుకున్నవాడు, 1933లో బెంగళూరు వచ్చి చివరిదాకా ఇక్కడే ఉన్నవాడు. 1921లో ఓడ మీద వస్తూ సముద్రం నీలమేమిటని ఆలోచించాడు. దానికి అప్పటికే కీ ఉంది. రాసింది సామాన్యుడు కాదు, ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ. ఆకాశం నీలం సముద్రంలో ప్రతిఫలిస్తోంది, అంతే, అన్నాడాయన. రామన్ ఊరుకున్నాడా? చేతిలోని పట్టకంతో ఆకాశపు ప్రతిబింబాన్ని అడ్డగించి చూశాడు. నీలం పోలేదు. నీళ్లే వెలుగును చెదరగొడుతున్నాయన్నాడు. ఆ దారి పట్టుకుని పోయి 1928లో తన ఎఫెక్ట్ కనిపెట్టాడు, 1930లో నోబెల్ తెచ్చుకున్నాడు. కీని నమ్మని మనిషి తలపాగాను పిల్లల నెత్తిన పెట్టి, ఆ పిల్లల్లో ఒకతి కీని నమ్మకపోతే సున్నా వేస్తారు!

పిల్ల రెండు ఊళ్లలో, పొయ్యి సెగకు చెమటలు కక్కుతూ, గీత మీంచి కన్ను తిప్పకుండా కొలిచిందయ్యా. దాన్ని కొట్టెయ్యడానికి మీకు అర సెకను పట్టింది. ఆ కీ రాసిన పెద్దమనిషి జన్మలో ఒక్కసారైనా మరిగే గిన్నెలో థర్మామీటరు పెట్టాడా? ల్యాబ్ తాళానికి తుప్పు పట్టింది, ఫీజు రసీదులో మాత్రం ల్యాబ్ ఖర్చు ఏటా ఉంటుంది. సిగ్గుండాలి. నాకూ ఉండాలి. ఎందుకంటే తరవాతి టెస్టులో అదే ప్రశ్న మళ్లీ వస్తుందని తెలిసి, ముందురోజు రాత్రి "ఈసారికి 100 రాసెయ్యమ్మా, గొడవెందుకు" అన్నది ఏ హెడ్డాఫీసో కాదు. నేనే. రాసింది. ఫుల్ మార్కులు. థర్మామీటరు ఇప్పుడు చెంచాల సొరుగులో ఉంది.

మొన్న సాయంత్రం ఉరుముల వాన. పిల్లకు ఆరేళ్లప్పటి నుంచీ మాకొక ఆట: మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఉరుము వినబడగానే ఆపడం. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున వస్తుంది కాబట్టి మూడు అంకెలకు ఒక కిలోమీటరు. బాల్కనీలో నిలబడ్డాం. బెళ్లందూరు వైపు మెరిసింది. ఒకటి, రెండు, మూడు అని ఏడు దాకా వచ్చాక పెళపెళమంది.

"ఎంత దూరం?" అన్నాను.

కాసేపు నావైపు చూసి, "కీలో ఎంతుంది నాన్నా?" అంది.

వెక్కిరించిందో, నిజంగానే అడిగిందో తెలియలేదు. ఏదని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.