భరిణె మూత మీది శిఖరం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కుంకుమ భరిణె మూత మీది శిఖరం గారి దివ్యసముఖమునకు, భరిణె అడుగు భాగమూ, మూత అంచూ, వాటిని రోజూ వాడుకునే మా ఇంటివారమూ కలిసి వ్రాసుకున్న విన్నపము. ఉభయకుశలోపరి.

తమరు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రకు జన్మించి, ఒంటినిండా లక్క పూత పూయించుకొని, మా దేవుడి అర దాకా వేంచేసిన వైనం మాకు తెలియనిది కాదు. ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు గాని, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం మీద అవి ఊరేగినప్పుడు గాని, ఆ గౌరవంలో అధిక భాగం తమ పొడవుకే దక్కిందని తమరు భావించి ఉంటారనడంలో మాకు సందేహం లేదు. మా ఫిర్యాదు కూడా ఆ పొడవు గురించే. భరిణెలో కుంకుమ పట్టే చోటు చూస్తే రెండు చెంచాలకు మించదు. దాని నెత్తిన తమరు మాత్రం పూసలు, పళ్లెరాలు, సన్నని మెడ, ఆ మెడ మీద మొగ్గ, మొగ్గ మీద మొన అంటూ అంతస్తుల మీద అంతస్తులు కట్టుకుంటూ పోయారు. రెండు చెంచాల కుంకుమకు ఇంత రాజగోపురం ఏ ఆగమంలో ఉందో సెలవియ్యగలరు.

అసలు భరిణెలో కష్టం ఎక్కడుందో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు కనుక, కాస్త వివరంగా మనవి చేస్తాము. అంకుడు తెల్లని, మెత్తని, పొర సన్నని కర్ర. ఉలికి తేలికగా లొంగుతుంది, అయితే అది బాగా ఆరి ఉండాలి. ఏ కర్రయినా ఆరే కొద్దీ వయసు వలయాల వెంబడి కుదించుకుపోయేది ఒక కొలత, వలయాలకు అడ్డంగా కుదించుకుపోయేది ఇంచుమించు అందులో సగం. ఈ వ్యత్యాసం కారణంగానే ఆరీ ఆరని కర్రలో తిప్పిన గుండ్రం నెల తిరిగేసరికి కోలగా మారడమో, నెర్రె విచ్చడమో జరుగుతుంది. తరిమెన, అంటే కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం, పట్టే మనిషి ఇదంతా మనసులో పెట్టుకొని, లోపల తొలిచి, మూత కూర్చునే గట్టును గోరు మందం కూడా కాదు, పొట్టు మందం చొప్పున గీసుకుంటూ, ప్రతి గీతకూ యంత్రం ఆపి మూత తొడిగి చూస్తాడు. ఒక్క గీత ఎక్కువైతే మూత వదులైపోయి, భరిణె పక్కకు వాలగానే జారిపడుతుంది. ఒక్క గీత తక్కువైతే రెండు చేతులతో పెనుగులాడవలసి వస్తుంది; తీరా ఊడి వచ్చేటప్పటికి కుంకుమ పీట మీద, పట్టుచీర మీద ఉంటుంది. సరిగ్గా కుదిరిన మూత పెట్టి వదిలితే, లోపలి గాలి అంచుల వెంట బయటికి పోయే కొద్దీ అది తనంతట తానే నెమ్మదిగా దిగి కూర్చుంటుంది. శ్రావణ మాసపు తేమకు కర్ర ఉబ్బినా బిగుసుకుపోకుండా, వేసవిలో వదులు కాకుండా ఉండేటట్టు ఆ సందును చేతి అంచనాతోనే వదలడం ఎంతటి పనితనమో చెప్పడానికి మాకు మాటలు చాలవు.

ఈ పనితనం ఎవరికీ కనబడదు. మూత మూసి ఉన్నంతసేపూ అది లోపలే ఉంటుంది, మూత తీస్తే అందరూ కుంకుమనే చూస్తారు.

తమ సంగతి అలా కాదు. తమరి నిర్మాణమే ఒక ఉత్సవం. కర్ర ముక్కను ఒక కొసన పట్టించి, రెండో కొసను గాలికి వదిలి, మొనతో మొదలుపెట్టి వెనక్కి తిప్పుకుంటూ రావాలి. ముందు మెడ సన్నం చేసి తరవాత మొనకు వెళితే, ఉలి ఆనిన మరుక్షణం అది అదిరి పుటుక్కుమంటుంది. మొన పూర్తయ్యాక దాని జోలికి మళ్లీ పోకూడదు, మొగ్గ పూర్తయ్యాక మొగ్గ జోలికి పోకూడదు. మెడ దగ్గరకు వచ్చేసరికి పనివాడు ఒక చేత్తో ఉలి పట్టి, రెండో చేతి వేలిని వెనకనుంచి ఆసరాగా ఆనించి, ఊపిరి బిగబట్టి గీయవలసి వస్తుంది. ఆ మీదట రంగు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. భరిణె పొట్ట మీద ఎంత అదిమినా ఫరవాలేదు గాని, తమరి మెడ మీద మాత్రం పసిబిడ్డకు కాటుక పెట్టినంత సుతారంగా ఆనించాలి. చివరికి మొగలి ఆకు పట్టి మెరుగు పెట్టాలి. పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులు కలిపిన లక్క తమరి అరంగుళపు పూసల మధ్య గాడిలో ముద్దగా నిలవకుండా చూడడం మరొక ప్రహసనం. రసాయన రంగుల మోజులో పడిన ఆ ఊరికి ఈ చెట్టు రంగులను తిరిగి అలవాటు చేసినందుకే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. తమరి విషయంలో ఆయనకున్నంత ఓర్పు మాకు లేదని ఒప్పుకోవడానికి మాకు నామోషీ లేదు.

ఇంతా చేసి తమరి ఉద్యోగం ఏమిటి? మూత ఎత్తడానికి పిడి అని ఎవరైనా అంటే మేము నవ్వి ఊరుకుంటాము. తమరి మెడ పట్టుకొని ఎత్తే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. విరుగుతుందన్న భయంతో అందరమూ మూత భుజాలు పట్టుకొనే తీస్తాము. తమ వంశంలో పని చేసి బతికినవారు లేకపోలేదు. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా బౌద్ధ స్తూపంలో మెత్తరాతి పాత్రలతో పాటు బయటపడిన స్ఫటిక కరండం, అంటే స్ఫటికపు భరిణె, మూత మీద ఒక చేప ఉన్నది; చూడడానికి అందం, పట్టుకోవడానికి పిడి. రెండువేల ఏళ్లకు పైగా మట్టిలో ఉన్నా అది తన పని మరచిపోలేదు. తమరు దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే బెంగ పుట్టిస్తారు.

దుకాణంలో మా బంధువుల ప్రవర్తన కూడా తమరి గర్వానికి కారణమే కనుక, దాన్నీ దాచము. గృహప్రవేశానికో, ఉపనయనానికో రిటర్న్ గిఫ్టులు కొనడానికి వెళ్లినవారు భరిణెలను వరుసగా నిలబెట్టి, ఏది పొడుగ్గా ఉంటే దాన్ని ముచ్చటపడి తీసుకుంటారే గాని, మూత ఒక్కసారి తీసి పెట్టి చూసిన పాపాన పోరు. "వదినా, ఇది గుడి గోపురంలా ఎంత బాగుందో చూడండి" అన్న మాట వినబడిందంటే, పక్కనే ఉన్న పొట్టి భరిణె, దాని మూత ఎంత నేర్పుగా కుదిరి ఉన్నా, ఆ పూటకు అమ్ముడుపోదని అర్థం. అడిగేవారు పొడవునే అడుగుతుంటే చేసేవారు పొడవే చేస్తారు. అందులో పనివారిని తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. అటుపైన అమెరికా ప్రయాణం ఒకటి. డాలస్‌కు వెళ్లే పెట్టెలో ఆవకాయ సీసాకు ఒక తువ్వాలు సరిపోతుంది, తమరికి రెండు చీరలు, ఒక స్వెటరు, పైగా పెట్టె సర్దిన పెద్దమ్మ గారి ప్రార్థనలు కావాలి. తీరా అక్కడ విప్పి చూస్తే భరిణె భరిణెగానే ఉంటుంది, మూత మూతగానే ఉంటుంది, తమరు మాత్రం చీర మడతలో రెండు ముక్కలై పవళించి ఉంటారు. అప్పుడు కూడా అందరూ "అయ్యో, భరిణె విరిగిపోయింది" అనే అంటారు; చెక్కుచెదరని ఆ భరిణెకు ఈ అపవాదు ఎందుకో మాకు బోధపడదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అంకుడు అడవి కర్ర, దొరకడం నానాటికీ కష్టమవుతున్నదని ఆ ఊరివారే వాపోతారు. తమరిని విడిగా తిప్పి మూత నడిమి బెజ్జంలో దిగగొట్టే పద్ధతిలో, ఎందుకూ కొరగాని సన్న ముక్కలు తమరి పుణ్యమా అని అక్కరకు వస్తాయి. ఆ మేరకు మా దండాలు. మూతతో కలిపి ఒకే కర్రలో తమరిని తిప్పిన చోట మాత్రం, తమరి సన్నదనం కోసం చుట్టూ ఉన్న కర్రంతా పొట్టుగా రాలిపోతుందన్నది కూడా లెక్కలో వేసుకోగలరు.

కాబట్టి మా కోరికలు స్వల్పం. పునర్జన్మ అంటూ ఉంటే తమరు మూడు వేళ్లకు ఆనేంత పొట్టిగా, మెడ కాస్త బలిసి, పైన ఒకే ఒక మొగ్గతో పుట్టవలసినది. మొన కావాలని మరీ ముచ్చటగా ఉంటే, అది అరచేతికి గుచ్చుకోనంత మొద్దుగా ఉండవలసినది. ఎత్తు నిర్ణయించే ముందు అడుగు భాగం వారిని, వారు పట్టించుకోరనే ధీమాతో కాకుండా, ఒక్కసారి సంప్రదించవలసినది. తొందరేమీ లేదు, జవాబు తీరికగానే సెలవియ్యండి. జిగురు పూర్తిగా ఆరేవరకు, అంటే రేపు ఉదయం దాకా, తమరు ఎటూ కదలకూడదని మా అమ్మ గట్టిగా చెప్పి మరీ పడుకున్నారు.

ఇట్లు,
తమ మూత భుజాలు పట్టుకొని ఎత్తే విధేయులు